అంగ పొడవా, అంగల జోరా: మీ బాబాయి గారి గుర్రం సంగతి

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. మీ బాబాయి గారు హైదరాబాద్ మలక్‌పేట రేసుల్లో పరిగెత్తే ఒక మూడేళ్ల ఫిల్లీలో, అంటే వయసు ఆడగుర్రంలో, వాటా కొన్నారు. ట్రైనర్ గారు "దీని అంగ పొట్టిదండీ, కానీ చకచకా వేస్తుంది" అన్నారట. అది మెచ్చుకోలో, ఓడిపోతే చెప్పడానికి ముందే వెతికిపెట్టుకున్న సాకో బాబాయి గారికి అర్థం కాలేదు. పొడుగు అంగ వేసే గుర్రమే గెలుస్తుందని ఆయన ఎక్కడో విన్నారు. ఈ రెండిట్లో ఏది ముఖ్యం, పొట్టి అంగను పొడుగు చేయించవచ్చా అన్నది మీ ప్రశ్న.

సూటిగా జవాబు: వేగమంటే అంగ పొడవునూ, సెకనుకు వేసే అంగల సంఖ్యనూ హెచ్చవేస్తే వచ్చేది. ఒకటి తక్కువైనా రెండోది ఎక్కువుంటే లెక్క సరిపోతుంది. పొట్టి అంగ లోపం కాదు. ఆ గుర్రం ఏ దూరానికి పనికొస్తుందో చెప్పే గుర్తు, అంతే. ఇక పొడుగు చేయించడం అంటారా, గుర్రం ఫిట్‌నెస్‌లోకి వచ్చేకొద్దీ దానంతటది కొంచెం పెరుగుతుంది. అంతకు మించి మనం చెయ్యి పెడితే పోయేవి దాని కాళ్లే. ఆ కథ నా కళ్ల ముందే జరిగింది, కింద చెబుతాను.

నేనెవరో ఒక ముక్క. ఒక ట్రైనర్ గారి దగ్గర చాలా ఏళ్లు అసిస్టెంటుగా ఉన్నాను. తర్వాత పొద్దున్నే ట్రాక్ దగ్గర స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడే పని. ఏ గుర్రం 600 మీటర్లు ఎన్ని సెకన్లలో వచ్చింది, తేలిగ్గా వచ్చిందా, తోలితే వచ్చిందా అని రాసుకునేవాణ్ణి. పందెం కాసేవాళ్ల కోసం ఈ జవాబు రాయడం లేదు. వాళ్లకు ఇందులో దొరికేది తక్కువ.

ముందు అంగ అంటే ఏమిటో తేల్చుకుందాం, సగం గందరగోళం అక్కడే ఉంది. మనిషి నడకలో ఎడమ కాలి నుంచి కుడి కాలికి ఒక అడుగు. గుర్రానికి లెక్క వేరు. ఒక గిట్ట నేలను తాకినప్పటి నుంచి, అదే గిట్ట మళ్లీ నేలను తాకేదాకా ఒక అంగ. ఈలోగా నాలుగు కాళ్లూ తలా ఒకసారి నేలను ఆనుతాయి. రేసు వేగంలో ఆ అంగ సుమారు ఏడు మీటర్లు ఉంటుంది. ఏడు మీటర్లంటే గుర్రం ఏడు మీటర్లు గాల్లో ఎగిరిందని కొందరు అనుకుంటారు. అలా కాదు. అందులో ఎక్కువ భాగం ఏదో ఒక కాలు నేల మీద ఉండగానే ఒళ్లు ముందుకు సాగిపోతుంది.

తెల్లవారుజామున చీకట్లో రెయిలింగ్ పక్కన నిలబడితే ఇది కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. మృదంగం నేర్చుకునే పిల్లలు నోటితో చెప్పే "తకధిమి" లాంటిదే దౌడు. వెనక కాలు ఒకటి, వెనక కాలు రెండోది, ముందు కాలు ఒకటి, ముందు కాలు రెండోది, ఆ తర్వాత ఒక ఖాళీ. తకధిమి, ఖాళీ. తకధిమి, ఖాళీ. ఆ ఖాళీలో నాలుగు గిట్టలూ నేలను వదిలి ఉంటాయి. పాత చిత్రకారులు ఆ క్షణాన్ని ముందు కాళ్లు ముందుకీ వెనక కాళ్లు వెనక్కీ బార్లా చాచినట్టు వేసేవారు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ వరసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీసేసరికి తేలిందేమిటంటే, గాల్లో ఉన్నప్పుడు కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. మన ఊరి గోడల మీద క్యాలెండర్లలో ఇప్పటికీ పాత బొమ్మే, అది వేరే సంగతి.

ఇప్పుడు లెక్క. మన దగ్గర ట్రాక్ పక్కన 200 మీటర్లకో పోస్టు ఉంటుంది. ఒక గుర్రం రెండు పోస్టుల మధ్య 12 సెకన్లలో వచ్చిందనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం, మంచి రేసు వేగమే. ఆ 200 మీటర్లకు అది 28 అంగలు వేస్తే ఒక్కో అంగ 7.14 మీటర్లు, సెకనుకు 2.33 అంగలు. పక్కనే ఇంకో గుర్రం అదే 12 సెకన్లకు 30 అంగలు వేసింది. దాని అంగ 6.67 మీటర్లే, కానీ సెకనుకు 2.5 అంగలు. ఒక్కో అంగకు అర మీటరు దాకా తేడా ఉన్నా ఇద్దరూ పోస్టు దగ్గరికి ఒకేసారి వస్తారు. పైనుంచి చూసేవాడికి మొదటిది హుందాగా తేలిపోతున్నట్టు, రెండోది ఆయాసపడి ఉరుకుతున్నట్టు కనిపిస్తుంది. కనిపించేది నిజం కాదు. మీ బాబాయి గారి ఫిల్లీ ఈ రెండో జాతి అన్నమాట.

ఈ లెక్క నాది కాదు, కొత్తదీ కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఎక్లిప్స్ అనే గుర్రం ఉండేది. 18 పందేలు పరిగెత్తి ఒక్కటీ ఓడలేదు. అది 1789లో చనిపోతే ఫ్రాన్స్ నుంచి వచ్చిన సెంబెల్ అనే పశువైద్యుడు దాన్ని కోసి ఎముకా ఎముకా కొలిచాడు. 1791లో లండన్‌లో మొదలైన పశువైద్య కళాశాలకు తొలి అధిపతి ఆయనే. వీడియో లాంటిదేదీ లేని ఆ రోజుల్లో కొలతల నుంచి లెక్కగట్టి, ఎక్లిప్స్ వీపు మీద బరువు లేకుండా పరిగెత్తితే ఒక అంగకు 25 అడుగులు వెళ్లగలదనీ, సెకనుకు రెండుంబావు కంటే కొంచెం ఎక్కువ, అంటే రెండూ ఒకటిలో మూడో వంతు అంగలు వేయగలదనీ రాశాడు. 25 అడుగులంటే 7.6 మీటర్లు. రెండూ ఒకటిలో మూడో వంతు అంటే 2.33. మలక్‌పేట పోస్టుల మధ్య నేను వేలు ముడిచి లెక్కబెట్టుకున్న అంకే. ఎక్లిప్స్ అస్థిపంజరం ఇప్పటికీ ఆ కళాశాలలోనే ఉంది. దాని కాలి ఎముకల్ని ఈ కాలంలో మళ్లీ పరిశీలించినవాళ్లు అందులో విడ్డూరమేమీ లేదన్నారు. అన్నీ సగటు కొలతలేనట. ఏ ఒక్క కొలతా విపరీతంగా లేకుండా అన్నీ కుదిరిన గుర్రమన్నమాట. ఈ మాట నాకు చాలా ఇష్టం. ఏడాది పిల్లల్ని అమ్మే యియర్‌లింగ్ సేల్‌కి వెళ్లి "కాళ్లు పొడుగున్నాయి" అని ఎగబడే ఓనర్లకు చెప్పి చూశాను. వినరు.

పొడుగు అంగ అనగానే అందరూ సెక్రటేరియట్ అనే అమెరికా గుర్రం పేరు ఎత్తుతారు. ఎత్తాల్సిందే. 1973 జూన్ 9న న్యూయార్క్‌లో బెల్మంట్ స్టేక్స్ అనే రేసు, ఒకటిన్నర మైలు, 2 నిమిషాల 24 సెకన్లు, 31 లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలుపు. ఒకటిన్నర మైలంటే 12 ఫర్లాంగులు (ఫర్లాంగంటే సుమారు 200 మీటర్లు), 2:24 అంటే 144 సెకన్లు. సగటున ఫర్లాంగుకు 12 సెకన్లు, పన్నెండు ఫర్లాంగుల పాటు! దాని అంగ 24 అడుగుల 11 అంగుళాలని చెబుతారు, మీటర్లలో 7.6. సెకనుకు వెళ్లిన దూరాన్ని దీనితో భాగించి చూడండి, సెకనుకు 2.2 అంగలే. అంటే దాని కాళ్లు ఆడే జోరు మామూలు గుర్రం కంటే ఎక్కువేమీ కాదు. అంతవరకూ మీ బాబాయి గారు విన్నది నిజమే.

కానీ ఆ రేసులోనే ఇంకో పాఠం ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. మొదటి ఆరు ఫర్లాంగులు సెక్రటేరియట్ పక్కన షామ్ అనే గుర్రం సమానంగా పరిగెత్తింది. అదీ పెద్ద గుర్రమే, అల్లాటప్పాది కాదు. సగం దూరం దాకా రెండిటి వేగమూ ఒకటే. ఆ తర్వాత షామ్ వెనకబడుతూ వెనకబడుతూ ఐదు గుర్రాల్లో ఐదోదిగా వచ్చింది. అంగ పొడవో అంగల జోరో మొదటి సగంలో చూస్తే షామ్‌కి తక్కువైందేమీ కనపడదు. మీరు చూడాల్సింది గుర్రం పెట్టగలిగే వేగం ఎంతని కాదు, అలసట వచ్చాక ఆ రెండిట్లో ఏది ఎంత నిలబెట్టుకోగలదని. నా పనిలో నేను నేర్చుకున్నది మొత్తం కుదిస్తే ఈ ఒక్క వాక్యమే మిగులుతుంది.

అలసినప్పుడు ఏమవుతుందో దగ్గర్నుంచి చూడండి. తాజాగా ఉన్న గుర్రం గిట్ట నేల మీద సెకనులో పదో వంతు కూడా ఉండదు. ఆ కాస్త సమయంలోనే ముందు కాలి మీద పడే భారం దాని ఒంటి బరువుకు రెండున్నర రెట్లు. 480 కిలోల గుర్రమైతే 1200 కిలోలు, ఒక్క కాలి మీద! కండరాలు అలిసేకొద్దీ అంత తక్కువ సమయంలో అంత గట్టిగా తన్నడం చేతకాదు. గిట్ట నేల మీద ఇంకాస్త సేపు ఉండిపోతుంది. దాంతో అంగల జోరు తగ్గుతుంది. కొన్నిటికి అంగ పొడవు అలాగే ఉండి జోరు ఒక్కటే పడిపోతుంది. చూసేవాడికి గుర్రం ఇంకా హాయిగా అంగలు వేస్తున్నట్టే ఉంటుంది కానీ పక్కనున్నవి దాటిపోతుంటాయి. "చివర్లో బాగానే వచ్చింది, టైము మాత్రం రాలేదు" అని ఓనర్లు నెత్తి గోక్కునేది ఇలాంటప్పుడే. మరికొన్నిటికి రెండూ కలిసి పడిపోతాయి, వాటి సంగతి ఎవరికైనా తెలుస్తుంది.

ఆస్ట్రేలియా ఆడగుర్రం వింక్స్ గుర్తుందా? 2019లో విశ్రాంతికి పంపేనాటికి వరసగా 33 గెలుపులు, నాలుగేళ్లు వరసగా కాక్స్ ప్లేట్ అనే పెద్ద రేసు. అక్కడ అంగలు లెక్కబెట్టేవాళ్లంతా దాని గురించి చెప్పింది అంగల జోరే. మిగతావి చివరి మలుపు తిరిగాక మందగిస్తుంటే అది ఆ టకటక వదిలేది కాదు. సెక్రటేరియట్‌ది ఒక దారి, వింక్స్‌ది ఇంకో దారి. మీ బాబాయి గారికి ఎవరైనా "పొడుగు అంగే" అని ఖరాఖండిగా చెబితే ఈ ఆడగుర్రం పేరు చెప్పమనండి.

జోరు ఎక్కడి నుంచి వస్తుంది, పొడవు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది తర్వాతి ప్రశ్న. క్యాంటర్ (దౌడు కంటే నెమ్మది పరుగు) నుంచి దౌడులోకి, దౌడు నుంచి పూర్తి వేగంలోకి గుర్రం వెళ్లేటప్పుడు జాగ్రత్తగా చూస్తే, ఎక్కువగా పెరిగేది అంగ పొడవు. జోరు కొంచెమే పెరుగుతుంది. కారణం, కాలిని వెనక నుంచి ముందుకు లాక్కురావడానికి ఒక కనీస సమయం పడుతుంది. ప్రకృతి దానికి చేయగలిగిన ఏర్పాట్లు ముందే చేసేసింది. మోకాలి కింద కండరమంటూ ఉండదు, ఎముక, టెండన్ (కండను ఎముకకు కట్టే తాడు), చర్మం, అంతే. ఎందుకంటే కాలి చివర బరువు ఉంటే ఊపడం కష్టం. భుజం దగ్గరుండే బైసెప్స్ కండరం ఉండేలు రబ్బరులా పనిచేస్తుంది. కాలు నేల మీద ఉన్నంతసేపూ అది సాగుతుంది, గిట్ట నేలను వదలగానే టపీమని కాలిని ముందుకు విసురుతుంది. లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీలో అలన్ విల్సన్ బృందం 2003లో దీన్ని విడమరిచి చూపించింది. కండబలం ఒక్కదానితో అంత త్వరగా కాలు విసరాలంటే అక్కడ పట్టనంత కండ కావాలి. కాబట్టి జోరు చాలావరకూ పుట్టుకతో వచ్చేది, కాలి పొడవూ కండరం తీరూ కలిసి నిర్ణయించేది. శిక్షణతో ఉండేలు రబ్బరు మార్చలేం కదా.

పొడవు మాత్రం రోజును బట్టి, నేలను బట్టి, గుర్రం మనసును బట్టి మారుతుంది. వెనక కాళ్ల తోపుడు, నడుము దగ్గర ఒంపు, భుజం విచ్చుకోవడం, ఇవన్నీ కలిస్తే పొడవు. ముందు కాలు ఎంత దూరం చాచి వేసిందన్నది కాదు. ఒంటికి మరీ ముందు కాలు వేసే గుర్రం తనకు తాను బ్రేకు వేసుకుంటున్నట్టే. రేసుకు ముందు గుర్రాలను తిప్పి చూపే పెరేడ్ రింగులో ముందు కాళ్లు విసిరి విసిరి వేసే గుర్రాన్ని చూసి "ఏం అంగరా!" అని మురిసిపోయేవాళ్లని చూసినప్పుడు నేను పక్కకు తిరిగి చాయ్ తాగుతాను. నడకలో చూడాలనుకుంటే వెనక గిట్ట ఎక్కడ పడుతోందో చూడండి. ముందు గిట్ట వదిలిన గుర్తును దాటి ముందుకు పడితే మంచిది.

ఊపిరి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఇది తెలియదు. దౌడులో గుర్రానికి ఒక అంగకు ఒకే ఊపిరి. ముందు కాళ్లు నేలను ఆనినప్పుడు గాలి బయటికి, ఒళ్లు గాల్లోకి లేచేటప్పుడు లోపలికి. పక్క నుంచి దూసుకుపోయే గుర్రం బుస్సు బుస్సుమంటుందే, ఆ బుస్సులు లెక్కబెట్టినా అంగల లెక్కే వస్తుంది. నిమిషానికి 140 అంగలైతే 140 ఊపిర్లు. పైగా గుర్రం ముక్కుతోనే పీలుస్తుంది, మనలా నోరు తెరిచి రొప్పలేదు. కాబట్టి అంగల జోరు పెంచితే ఒక్కో ఊపిరికి దొరికే సమయం తగ్గుతుంది. నిదానంగా పొడుగు అంగలు వేసే గుర్రం ఎక్కువ దూరాలకు నప్పడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

స్టేబుల్ నుంచి ఒక జంట కథ. ఒకే ఏడాది మా దగ్గరికి రెండు గుర్రాలు వచ్చాయి. ఒకటి పొడుగాటి మగ గుర్రప్పిల్ల, రెండు పోస్టుల మధ్య 27 అంగలు. దాని మీద రైడింగ్ బాయ్ కూడా మురిసిపోయేవాడు, "కుర్చీలో కూచున్నట్టుందన్నా" అని. రెండోది బక్కపల్చటి గోధుమ రంగు ఫిల్లీ, 30 అంగలు, ఒక్కోసారి 31. మా ట్రైనర్ గారు మగపిల్లను 1200 మీటర్లలో దింపారు. గేటు తెరిచాక అది తన అంగలోకి వచ్చేసరికే 400 మీటర్లు అయిపోయాయి, ముందువాళ్లు వెళ్లిపోయారు. రెండుసార్లు అదే తంతు. ఫిల్లీకి వంశావళి చూస్తే తల్లి వైపంతా దూరాలు పరిగెత్తినవాళ్లే. అందుకని దాన్ని 2000 మీటర్లలో దింపారు. 1400 దాకా ముందుండి, ఆఖర్న కాళ్లు జిగురులో పడ్డట్టు అయిపోయింది. తర్వాతి సీజన్‌లో దూరాలు తారుమారు చేశారు. ఫిల్లీ 1100 గెలిచింది, మగపిల్ల 2000 గెలిచింది. ఈ మార్పుకు కారణం నా అంగల లెక్క అని చెప్పుకోవాలని ఉంది కానీ, నిజానికి ఇద్దరు జాకీలూ గుర్రం దిగి చెప్పిన మాట మీద మార్చారు. నా నోటుబుక్కు ఆ తర్వాత ఎవరో చూశారు.

గేటు నుంచి బయటపడే మొదటి అంగలు చాలా పొట్టిగా, చాలా చకచకా ఉంటాయి. ఏ గుర్రానికైనా అంతే. ఒకసారి వేగం అందుకున్నాక జోరు కాస్త తగ్గి పొడవు పెరుగుతుంది. పుట్టుకతోనే చకచకా వేసేవాళ్లకు ఈ మొదటి దశ సులువు. 1000, 1100, 1200 మీటర్లలో ఆ లాభం చివరిదాకా నిలుస్తుంది. దూరం పెరిగేకొద్దీ కరిగిపోతుంది. గిన్నిస్ పుస్తకంలో ఉన్న అత్యధిక వేగం, 2008లో అమెరికా పెన్సిల్వేనియాలో విన్నింగ్ బ్రూ అనే రెండేళ్ల ఫిల్లీ పెట్టిన గంటకు 70.76 కిలోమీటర్లు. ఎంత దూరంలో? రెండంటే రెండు ఫర్లాంగులు. అదే వేగం ఒకటిన్నర మైలు పెట్టమంటే ఏ గుర్రమూ పెట్టదు.

దూరం విషయంలో జన్యువుల మాటా ఉంది. కండ ఎంత పెరగాలో అదుపు చేసే మయోస్టాటిన్ జన్యువులోని తేడాలకూ, గుర్రానికి నప్పే దూరానికీ సంబంధం ఉందని ఐర్లండ్‌లో ఎమిలీన్ హిల్ బృందం 2010లో చూపింది. ఇప్పుడు రక్తం తీసి పరీక్షించి చెప్పేస్తున్నారు. పరీక్ష లేకపోయినా అంగలు లెక్కబెడితే కొంత తెలుస్తుందని నా ఉద్దేశం, ఖర్చు కూడా లేదు.

ఇక మీ రెండో ప్రశ్న, అంగ పొడుగు చేయించడం. మంచి దారి ఒకటే, నెమ్మదిగా ఫిట్‌నెస్ పెంచడం. వెనక భాగం బలపడితే, ఎదిగే వయసులో ఒళ్లు వస్తే, అంగ కొన్ని అంగుళాలు తనే పెరుగుతుంది. చెడ్డ దారులు చాలా ఉన్నాయి. అందులో నేను చూసింది చెబుతాను. గిట్ట ముందు కొన, అంటే టో, పొడుగ్గా వదిలేసి మడమ కిందికి దించి లాడం కొడితే అంగ పొడుగవుతుందని పాత నమ్మకం. గిట్ట నేల వదలడం ఆలస్యమవుతుంది కాబట్టి కంటికి అంగ సాగినట్టు ఉంటుంది. ఆ ఆలస్యమంతా కాలి వెనక టెండన్ భరించాలి. దౌడులో ఆ టెండన్ లోపలి వేడి 45 డిగ్రీల దాకా వెళుతుంది, అసలే తెగే అంచు మీద బతికే తాడు అది. ఒక ట్రైనర్, పేరెందుకు, మంచి గెల్డింగ్‌కి, అంటే విత్తులు తీసిన మగ గుర్రానికి, ఇదే చేయించాడు. ఓనర్ ఒత్తిడి, "అంగ రావడం లేదు, ఏదైనా చెయ్యండి" అని. లాడం కొట్టేవాడు వద్దన్నాడు. నేనూ అక్కడే ఉన్నాను, కానీ గట్టిగా అనలేదు, అనాల్సింది. మొదటి రెండు వారాలు అందరూ సంతోషించారు. ఆరో వారం పొద్దున పని చేసి వచ్చాక గుర్రాన్ని చూసుకునే సైస్ నీళ్లు పోస్తూ కాలి వెనక చెయ్యి పెట్టి, ఏమీ మాట్లాడకుండా నా వైపు చూశాడు. టెండన్ అరటిపండులా వంపు తిరిగి వాచింది, వేడిగా ఉంది. ఆ గుర్రం మళ్లీ రేసు ముఖం చూడలేదు.

నాకు అంగల లెక్క బాగా అక్కరకొచ్చింది ఇలాంటి చోటే. రెండు గుర్రాలను పోల్చడం కంటే ఒకే గుర్రాన్ని దానితోనే పోల్చడంలో దీనికి ఎక్కువ విలువ. ఎప్పుడూ 28 అంగలు వేసే గుర్రం అదే టైముకు అదే ట్రాక్ మీద 29 వేసి, తర్వాతి వారం 30 వేసిందంటే ఎక్కడో నొప్పి మొదలైంది. కుంటదు, మేత మానదు, కానీ అంగ కుదించుకుంటుంది. మెల్బోర్న్ యూనివర్సిటీ వాళ్లు రేసుల్లో కొలిచిన అంగల మీద చేసిన పరిశోధనలోనూ ఇదే వచ్చింది. తర్వాత గాయపడ్డ గుర్రాలకు అంతకు ముందు కొన్ని రేసుల నుంచే వేగమూ అంగ పొడవూ తగ్గుతూ వచ్చాయి. మా గెల్డింగ్ విషయంలో ఆ టో పొడుగు వల్ల లెక్కే తప్పుదారి పట్టింది. పొడవు బాగుందని నా పుస్తకంలో నేనే టిక్కు పెట్టుకున్నాను.

జాకీ కూర్చునే తీరు కూడా అంగకు తగులుతుంది. ఇప్పటి జాకీలు పొట్టి రికాబులతో గొంతుక్కూర్చున్నట్టు వంగి ఉంటారు. 1890ల దాకా నిటారుగానే కూర్చునేవారు. టాడ్ స్లోన్ లాంటి అమెరికా జాకీలు ఈ తీరును ఇంగ్లండుకు తెచ్చిన కాలంలోనే రేసు టైములు ఐదు నుంచి ఏడు శాతం దాకా తగ్గాయి. 2009లో విల్సన్ బృందమే దీని వెనక కారణం కొలిచింది. గుర్రం ఒళ్లు ప్రతి అంగలోనూ పైకీ కిందికీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. వంగిన జాకీ తన కాళ్లను స్ప్రింగుల్లా వాడి తాను ఊగకుండా ఉంటాడు. కాబట్టి అంగ అంగకూ అతని బరువును విసిరే పని గుర్రానికి తప్పుతుంది. అలసిన జాకీ చివరి 200లో జీను మీద ధబీ ధబీమని కూలబడితే గుర్రం అంగ ఎందుకు కుంగుతుందో ఇక చెప్పక్కర్లేదు.

మీరే లెక్కబెట్టుకోవచ్చు. ఫోన్‌లో స్లో మోషన్ 240 ఫ్రేముల్లో పెట్టి పక్క నుంచి తీయండి. ఒకే ముందు కాలు నేలను తాకిన ఫ్రేము నుంచి మళ్లీ తాకిన ఫ్రేము దాకా లెక్కబెట్టండి. 103 ఫ్రేములొస్తే సెకనుకు 2.33 అంగలు, 96 వస్తే 2.5. పొడవు కావాలంటే రెండు పోస్టుల మధ్య తల ఊపులు లెక్కబెట్టండి, అంగకు ఒక ఊపు. 200ను ఆ సంఖ్యతో భాగించండి.

జాగ్రత్తలు రెండు మూడే. మలుపులో లెక్కబెట్టకండి, స్ట్రెయిట్‌లోనే చూడండి. మలుపులో గుర్రం లోపలి కాలిని ముందు పెట్టి పరిగెడుతుంది, స్ట్రెయిట్‌కి రాగానే లీడ్, అంటే ముందు పెట్టే కాలిని, మార్చుకుంటుంది. ఆ మార్చే అంగ లెక్కలోకి రాకూడదు. ఇసుక ట్రాక్ మీద పొద్దున పనిలో వచ్చిన అంకెను గడ్డి మీద రేసు అంకెతో పోల్చకండి. వానాకాలం సీజన్‌లో నేల మెత్తబడినప్పుడు ఏ గుర్రమైనా అంగ కుదిస్తుంది, నొప్పి అనుకుని హడలిపోవద్దు. ఆ రోజు మిగతావి ఎన్ని వేశాయో చూసి తేల్చుకోండి.

మీ బాబాయి గారి ఫిల్లీకి నేనైతే 1000 నుంచి 1200 మీటర్లతో మొదలుపెట్టి, చివరి 200లో ఆ టకటక నిలబడితేనే 1400 అడుగుతాను. ట్రైనర్ గారిని "అంగ ఎందుకు పొట్టిది" అని అడగొద్దని చెప్పండి. "చివర్లో జోరు ఎంత పడుతోంది" అని అడగమనండి, ఆయన కూడా సర్దుకుని కూర్చుని జవాబు చెబుతారు. వీలైతే మూడు నాలుగు పొద్దుల వీడియోలు తీసి, మొదటి 200కీ ఆఖరి 200కీ అంగలెన్నో, సెకన్లెన్నో ఇక్కడే కింద పెట్టండి. లాడం కొట్టిన తేదీ కూడా పక్కన రాయండి.